మృదుభాషి అట!

బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ఆ మాట చూసినప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది. పైన, నేను అక్కా అని పిలిచే ఆవిడ ఫోటో, చుట్టూ గులాబీలు, కింద లావుపాటి అక్షరాల్లో "మృదుభాషి, నిగర్వి, వినయశీలి అయిన మా కంప్యూటర్ టీచరుకు కన్నీటి నివాళి". ఆ పక్కనే అక్క ఫోటో కన్నా పెద్దదిగా మా కరస్పాండెంటు గారి ఫోటో, రెండు చేతులూ జోడించి. ఆ రోజు కంప్యూటర్ గదికి అక్క పేరు పెడుతున్నారు. లెక్కల టీచరును కాబట్టి నేనూ ముందు వరుసలో కూర్చోవాలట.

మృదుభాషి! కంప్యూటర్ గదిలో ఆవిడ నోరు విప్పితే అవతల వంటశాలలో కూరగాయలు తరిగే ఆయమ్మ కత్తిపీట ఆపి చూసేది. మా బడి ములకలపల్లి దాటి అడవి దారిలో ఉంటుంది. క్రైస్తవ మిషన్ వాళ్ల బడి, దానికి ఆనుకునే ఆడపిల్లల హాస్టల్. ఆ దారిన పోయే ఆటోవాళ్లకు కూడా కంప్యూటర్ పీరియడ్ ఎప్పుడో గొంతును బట్టి తెలిసేది. అలాంటి మనిషిని పోయాక నెమ్మదిపరుస్తున్నారు. బతికుండగా వాళ్ల వల్ల కాలేదు మరి.

ఆవిడ ఎక్కడ చదివింది, ఎప్పుడు పెళ్లయింది, అవన్నీ నేను రాయను. పర్ణశాల దగ్గర చిన్న పల్లె, వ్యవసాయం ఇల్లు, అంతవరకు చాలు. మనిషి ఎలా ఉండేదో మాత్రం రాయాలి. లేకపోతే ఆ ఫ్లెక్సీయే నిజమైపోతుంది.

పీరియడ్ మొదలయ్యేటప్పుడు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేది. పిల్లలు చెప్పులు విడుస్తుంటే ప్రతిసారీ ఒకటే మాట.

"చెప్పులతోని సోకులు గూడ ఈడ్నే ఇడిసి రాండ్రే."

సోకు అంటే ఆవిడ లెక్కలో పనికి అడ్డం వచ్చే అందం ఏదైనా సరే. కీబోర్డు మీద రేకులు రాల్చే జడలో పూలు సోకు. మానిటర్ల చుట్టూ క్రిస్మస్‌కి అంటించిన మెరుపు కాగితం సోకు. దసరాకి ఎవరో పవర్ బటన్ మీద పెట్టిన పసుపూ కుంకుమా సోకే. చున్నీ కొసతో తుడుస్తూ పెట్టినవాళ్లను ఇంటిపేరుతో సహా తిట్టేది. ఒకసారి నేను లెక్కల చార్టుకు రంగుల అంచు గీస్తుంటే వెనక నుంచి చూసి, "లెక్కలు చెప్పు చెల్లె, ముగ్గులు గాదు" అంది. స్టాఫ్ అంతా నవ్వారు. ఆవిడతో కొన్నాళ్లు మాట్లాడలేదు నేను. ఆ సంగతి ఆవిడ గమనించనే లేదు.

నన్ను చెల్లె అని పిలిచేది ప్రేమతో అనుకునేరు. తిట్టడానికి వీలుగా ఉంటుందని. నా గొంతు చిన్నది. మీటింగుల్లో నేనేదైనా చెప్తే పక్క కుర్చీ వాళ్లకే వినపడదు. "నీ మాట నీకన్న ఇనపడుతదా చెల్లె? నీ తరఫున నేనే మొత్తుకోవాల్నా?" అనేది. మొత్తుకునేది కూడా.

మణుగూరులో ఏదో ఆఫీసు వాళ్లు కొత్తవి కొనుక్కుని తీసేసిన కంప్యూటర్లు మా బడికి వచ్చాయి. పెద్ద సైజు టిఫిన్ డబ్బా అంత పెట్టెలు. లోపల ఫ్యాన్ కూడా లేదు. కరెంటు చాలా తక్కువ తాగుతాయి. గట్టిగా గాలి వీస్తే కరెంటు పోయే ఊరు మాది కాబట్టి అవే మాకు వరం. బడి ఇన్వర్టరు మీద పీరియడ్ అంతా నడిచేస్తాయి. కాకపోతే బలం తక్కువ. రెండు జీబీల ర్యామ్. అక్క వాటిల్లో ఉన్నదంతా తుడిచేసి, విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ ఎక్కించింది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. మా హాస్టల్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్ల ఒక్కతీ లేదు. ప్రతి తరగతికీ వారానికి ఒకే ఒక్క గంట కంప్యూటర్ పీరియడ్. ఆ గంట పోతే మళ్లీ వచ్చే వారమే. మిషన్ తెరుచుకోవడానికే పావుగంట, తెరిచింది మూసుకోవడానికి ఇంకో పావుగంట అయితే ఆ పిల్లకు మిగిలేదేమిటి? అక్క కోపాలన్నీ ఇక్కడి నుంచే పుట్టేవి.

"గంట పిల్లలది. మిషన్‌ది గాదు," అనేది.

లినక్స్ లోపల ఒకటే అయినా పైకి కనిపించే రూపం మనమే ఎంచుకోవచ్చట. కిటికీలు, మెనూలు, కింద పట్టీ, ఆ మెరుపులు, ఇవన్నీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. కేడీఈ, గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ... ఆ పేర్లు నాకు నోరు తిరగవు. అడిగితే అక్క ఒక్క ముక్కలో చెప్పింది. "మనిషి ఒకటే చెల్లె, చీరలే ఏరు. నాటేసేటందుకు పట్టుచీర కట్టుకొని పోతమా?"

ఏ చీర కట్టాలో ఆవిడ తేల్చిన పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. వారానికొక రకం ఎక్కించి, ఒకే పిల్లను కూర్చోబెట్టి, ఒకే కారు పందెం ఆట ఆడించింది. బడిలో ఆటలేంటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ లెక్క ఆవిడది. "ఉత్తగ రాత తెరిస్తే మిషన్ నొప్పి బయటవడదు. ఆట పెడితే దాని దమ్మెంతో తెలుస్తది. ఆట నడిస్తే అన్ని నడుస్తయి." ఆ పిల్ల కారు తిప్పుతుంటే అక్క తెర చూసేది కాదు. పెట్టె మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని నిలబడేది, జ్వరం చూసినట్టు. కాలితే ఆ డెస్క్‌టాప్ అదే రోజు చెత్తబుట్టలోకి.

చివరికి బూడిద రంగులో ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ నిలిచింది. అంతకన్నా తేలిగ్గా ఇంకొకటి ఉందట గానీ, ఇందులో మెనూ చిన్నపిల్లలకు తొందరగా దొరికిందని దీన్నే ఉంచింది. కిటికీ కింద నీడ పడటం, మూస్తే పొగలా కరగడం, ఇలాంటివి గీయడానికి లోపల కంపోజిటర్ అని ఒకటి పనిచేస్తుందట. అక్క ముందు దాన్ని ఆపేసింది. ఆటలో కారు అడ్డాదిడ్డంగా ఎగరడం మానేసి బుద్ధిగా పరిగెత్తింది.

ఆట వల్ల ఇంకొకటి జరిగింది. అడవి లోపలి గూడేల నుంచి వచ్చే కోయ పిల్లలు మొదట్లో నోరు విప్పరు. తెలుగు అంతంత మాత్రం, మౌస్ ఎటు తిప్పాలో తెలియదు. పందెంలో కూర్చుంటే మాత్రం అరుస్తారు. ముందు వాళ్ల భాషలో, తర్వాత మా భాషలో. అక్కడ అరిచిన పిల్ల నెల తిరిగేసరికి నా క్లాసులో జవాబు చెప్పేది. వాళ్లు పెద్దవాళ్లను కూడా "నువ్వు" అంటారని మిగతా టీచర్లం సరిదిద్దుతుంటే అక్క కసురుకునేది. "నువ్వు అంటె నీకేం అరిగిపోతది? బటన్ కరెక్ట్ నొక్కిందా లేదా, అది చూడు."

ఇక కరస్పాండెంటు గారి కథ. ఆయన కొడుక్కి ఆటల కోసమే కొన్న పెద్ద కంప్యూటర్ ఉంది. దాంట్లో లినక్స్ ఎక్కించమని అక్కను ఇంటికి పిలిచారు. వెళ్లింది. ఆ మిషన్‌కి బొమ్మలు గీయడానికే వేరే కార్డు ఉంది, ర్యామ్ దండిగా ఉంది. దానికి కేడీఈ పెట్టింది, నీడలూ మెరుపులూ అన్నీ వేసి మరీ. ఆవిడకు మెరుపుల మీద పగ లేదు, మోయలేని దాని మీద వేస్తేనే పగ. అది చూసి మురిసిపోయిన కరస్పాండెంటు గారు సోమవారం తిన్నగా కంప్యూటర్ గదికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"ఏందమ్మా, మా ఇంట్ల అంత మంచిగ పెట్టి ఈడ గిట్ల పెట్టినవ్? బడి పిల్లలంటే అంత చులకనా?"

"మీ ఇంట్లది కాడెద్దు సార్. ఇవి మేకపిల్లలు. బండి కట్టమంటరా?"

"వచ్చే వారం దాతలు వస్తున్నరు. గీ బూడిద రంగు చూసి ఏమనుకుంటరు? కనీసం ప్రభువు ఫోటో అన్న పెట్టు తెర మీద."

"ప్రభువు ఫోటో పెట్టినా, మా రామయ్య ఫోటో పెట్టినా రెండు జీబీ రెండు జీబీనే సార్. ఆల్లిద్దరు సోకు అడుగుతలేరు. మీరే అడుగుతున్నరు."

ఆయన ముఖం మాడిపోయింది. దాతలకు నచ్చకపోతే ఈ గది బియ్యం బస్తాలకు ఇచ్చేస్తానన్నారు. వార్డెన్ ఎప్పటి నుంచో అడుగుతోందట. ఆ మాటకు మాత్రం అక్క తగ్గింది. ఆవిడ తగ్గడం నేను చూసింది అదొక్కసారే. "ఒక్క పెట్టెల పెడత సార్, మీ ఇంట్లది ఉన్నట్టే. ఆ రోజు దాని మీద మీరే కూసోవాలె," అంది.

దాతలు వచ్చారు. మెరిసే తెర ముందు కరస్పాండెంటు గారు, పక్కనే బూడిద తెర ముందు తొమ్మిదో తరగతి కోయ పిల్ల. ఇద్దరికీ ఒకే పందెం. ఈయన తెర తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. దాతలు గోడ మీద పటాలు చూస్తూ నిలబడ్డారు. పందెం మొదలయ్యాక ఈయన కారు మొదటి మలుపులో ఆగిపోయింది. ఆగి, ఆలోచించి, ఒక్క గెంతులో చెరువులో పడింది. ఆ పిల్ల అప్పటికే రెండో చుట్టులో ఉంది, కోయలో కేకలు పెడుతూ.

అక్కడితో ఊరుకోవచ్చు కదా! గెలిచింది కదా! కానీ ఊరుకుంటే ఆవిడ ఎందుకవుతుంది? పెట్టె మీద చెయ్యి పెట్టి, "సార్ బండి ఇంక సోకు చేసుకుంటుంది, జర ఆగుండ్రి," అంది. దాతలు పగలబడి నవ్వారు. పిల్లలు నవ్వారు. కరస్పాండెంటు గారు కూడా నవ్వారు, పళ్లు మాత్రమే కనిపించేలా.

గది నిలిచింది. జూన్‌లో అక్క నిలవలేదు. కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం అడిగితే "భాష బాగాలేదు, పిల్లలు పాడైపోతున్నరు" అన్నారు. గుర్తుపెట్టుకోండి. భాష బాగాలేదని తీసేశారు. ఇప్పుడు అదే చేత్తో మృదుభాషి అని ఫ్లెక్సీ కొట్టించారు.

వెళ్లిపోయే రోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టుకుని తలుపు వేసుకుంది. గంట కొట్టాక బయటకు వచ్చి చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది. నాతో, "గట్టిగ మాట్లాడుడు నేర్చుకో చెల్లె. ఇగ నేను లేను మొత్తుకునేటందుకు," అంది. అది కూడా తిట్టినట్టే అంది.

కొత్త సారు వచ్చాడు. పెద్దవాళ్లు ఏది చెప్తే దానికి తల ఊపే రకం. పాతది తీసే ఓపిక కూడా లేక దాని మీదనే అన్ని పెట్టెల్లో మెరిసే డెస్క్‌టాప్ ఎక్కించాడు. గది అందంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నేను తలుపు దగ్గర నుంచి చూస్తే తెర మీద గుండ్రం తిరుగుతూ ఉండేది. సారు బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటూ ఉండేవాడు. అడిగితే "మిషన్లు పాతయి మేడం" అనేవాడు.

వానల్లో అక్కకు జ్వరమని తెలిసి ఫోన్ చేశాను. "ఏం కాలే చెల్లె, ఒళ్లు ఎచ్చగ ఉంది, గంతే," అంది. "పిల్లలు ఆడుతున్నరా?" అని అడిగింది. కొత్త సారు సంగతి చెప్పాను. తిడుతుందని చెవి కాస్త దూరంగా పెట్టుకున్నాను. తిట్టలేదు. "అవ్, సరే తీ," అంది. ఆ నెమ్మది నాకు నచ్చలేదు.

భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయిందట. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోను? ఆవిడ మీదనే. పెట్టె కాస్త వేడెక్కితే ఒక్క క్షణం ఆగని మనిషి, తన ఒళ్లు కాలుతుంటే అన్ని రోజులు ఎట్లా ఆగింది? ఏం, ఊళ్లో ఎవరికీ చెప్పడానికి నోరు లేదా? ఆ నోరు ఎక్కడికి పోయింది? చావుకు వెళ్లి ఏడవలేదు నేను. ఇంటికి వచ్చి గిన్నెలు విసిరేశాను.

ఇక ఆ సభ. గది ముందు షామియానా, ఒక బల్ల మీద చిన్న పెట్టె, అందరికీ కనపడేట్టు పెద్ద తెర. కరస్పాండెంటు గారు బటన్ నొక్కితే తెర మీద అక్క ఫోటో వచ్చి, దాని మీద గులాబీ రేకులు రాలాలట. కొత్త సారు రాత్రింబవళ్లు కష్టపడి చేశాడట. అక్కకు నివాళి, సోకుతో!

నొక్కారు. గుండ్రం తిరగడం మొదలైంది. అది తిరుగుతుండగానే ఆయన మైకు అందుకున్నారు.

"ఆమె ఏనాడు గొంతు పెంచి మాట్లాడలే. ఎవ్వర్ని నొప్పించలే. మనం ఏం చెప్తే అది తల వంచుకొని..."

తెర మీద అక్క ముఖం సగం దాకా వచ్చి ఆగిపోయింది. నుదురు, కళ్లు, అంతే. నోరు రాలేదు. ఒక గులాబీ రేకు ఆవిడ కనుబొమ్మ మీద అతుక్కుని కదలడం మానేసింది. కొత్త సారు మౌస్ అటూ ఇటూ తిప్పాడు, పెట్టెను తట్టాడు. అంతలో గాలి వీచి కరెంటు పోయింది. ఇన్వర్టరు బీప్ బీప్ అనడం మొదలుపెట్టింది. తెర మాత్రం అలాగే ఉంది. కరస్పాండెంటు గారు మాటలు అయిపోయి, చేతులు జోడించుకుని, అచ్చం ఫ్లెక్సీ మీద ఉన్నట్టే నిలబడ్డారు.

అప్పుడు వినిపించింది, పిల్లల మధ్యలో నుంచి.

"సార్! సోకు తీసెయ్! ముందు పళ్ల చక్రం నొక్కు!"

ఆరో తరగతి పిల్ల. అక్క వెళ్లిపోయాక, ఈ జూన్‌లోనే చేరింది. అక్కను ఎన్నడూ చూడలేదు.

ఎవరూ పిలవకుండానే లేచి వచ్చింది. చెప్పులు బల్లకు అవతలే విడిచింది. బటన్ పట్టుకుని పెట్టెను ఆపి మళ్లీ వేసింది. పాస్‌వర్డ్ అడిగే చోట తెర మూలన యంత్రాల్లో ఉండేలాంటి చిన్న పళ్ల చక్రం బొమ్మ ఉంటుంది, నేను ఎప్పుడూ చూడలేదు దాన్ని. దాన్ని నొక్కితే ఏ డెస్క్‌టాప్ కావాలో అడుగుతుంది. కొత్త సారు తీయకుండా వదిలేసిన పాతది అందులో అలాగే ఉంది. పిల్ల దాన్ని ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టింది. బూడిద రంగు తెర వచ్చేసింది. తర్వాత పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసింది.

మిగతా పిల్లలెవరూ ఆశ్చర్యపోలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజు తలుపు వేసుకుని తొమ్మిదో తరగతికి అక్క నేర్పింది ఇదీ. వాళ్లు ఎనిమిదికి నేర్పారు, ఎనిమిది ఏడుకు, ఏడు ఆరుకు. సారు ఫోన్ చూసుకుంటుంటే వీళ్లు వారం వారం సోకు తీసేసి తమ గంట తాము తీసుకుంటున్నారు.

కరస్పాండెంటు గారికి మైకు ఇంకా చేతిలోనే ఉంది. ముఖం ఎర్రబడింది.

"ఏయ్ పిల్లా! పెద్దోళ్లతోని గట్లనా మాట్లాడేది? ఎవరు నేర్పిండ్రు నీకు గీ భాష?"

పిల్ల బెదిరిపోయింది. చెయ్యి పెట్టె మీద నుంచి తీయకుండానే చుట్టూ చూసింది. స్టాఫ్ అందరూ నేల చూశారు.

నేను లేచాను.

"ఆమెనే నేర్పింది సార్," అన్నాను గేటు మీది ఫ్లెక్సీ చూపించి. "ఆమె గట్లనే మాట్లాడేది. మీతోని గూడ గట్లనే మాట్లాడేది. అందుకే గదా తీసేసిండ్రు?"

నా చేతిలో మైకు లేదు. చివరి వరుస దాకా వినపడిందని తర్వాత పిల్లలు చెప్పారు. వంటశాలలో ఆయమ్మ కత్తిపీట ఆపి చూసిందట.